పేరు లేని గిటారును చేత్తో, చెవితో చూసి కొన్నం

 

పోయిన వారం మా రూములో ఉన్న గిటారు ఫోటో గ్రూపులో పెట్టినం. ఇక మెసేజ్‌లే మెసేజ్‌లు. "ఏ కంపెనీది?" అని కొందరు. "ఎంత పడింది?" అని ఇంకొందరు. "కంపెనీ పేరు లేదు, మోసపోయిండ్రు" అని ఒక అన్న. "మనకు డోల్ ఉంది, పెప్రె ఉంది, కిక్రి ఉంది, గిటారు ఎందుకు?" అని ఒక అక్క. ఒక్కొక్కరికి జవాబు రాసుడు కన్నా మొత్తం ఒకే పోస్టులో రాస్తే మంచిదనుకున్నం. పొడుగు ఉంటది, ఓపికతో చదవండి. రేపు మీలో ఎవరైనా ఏదైనా వాద్యం కొనాలనుకుంటే పనికొస్తది.

మేము ఐదుగురం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పిల్లలం. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. ముగ్గురం గోండులం, ఇద్దరం ప్రధాన్‌లం. మా ఐదు ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులకు ఊరికి పోతే పత్తి ఏరినం, ఎండాకాలం తునికాకు కోసినం. ఇద్దరు ఇక్కడ ఫంక్షన్ హాళ్ళల్లో వడ్డించే పనికి పోయిండ్రు. అట్ల రెండేండ్లు కూడబెడితే 25,600 రూపాయలు అయినయి. అవి ఎవరో ఇచ్చిన పైసలు కావు. అందుకే ఒక్క రూపాయి కూడా కళ్ళు మూసుకుని పెట్టదలుచుకోలేదు.

ముందుగాల అక్క అడిగిన దానికి జవాబు. హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న పోతూ పోతూ తన మామూలు గిటారు మాకు వదిలి పోయిండు. దాని మీదనే నేర్చుకున్నం. కాలేజీ ఫంక్షన్లలో మన పాటలు ఆడినప్పుడు డోల్, పెప్రె మొదలైతే ఆ గిటారు వాయిస్తున్నట్టు మాకే వినపడేది కాదు. డోల్ తక్కువ చేయమని అడగలేం కదా! డోల్ పక్కన నిలబడి పలకాలంటే కరెంటు గిటారే కావాలె. డోల్ తీసేసి గిటారు పెట్టుడు కాదు, డోల్ పక్కన పెట్టుడు.

ఇక గిటారు సంగతి. నగరంలో ఒక గల్లీలో వాద్యాలు రిపేరు చేసే చిన్న దుకాణం ఉంది. పేరు రాయం, అవసరం లేదు. అక్కడ గోడకు ఇది వేలాడుతుంటే చూసినం. ఎవరో ఒకాయన ఆర్డర్ ఇచ్చి చేయించుకున్నడట. అడ్వాన్స్ కట్టి, విదేశం పోయి, మళ్ళా రాలేదట. తల మీద ఏ కంపెనీ పేరూ లేదు. దుకాణాయన మాకు మూడు మాటలు చెప్పిండు. "తమ్ముడూ, ఇసొంటిది ప్రపంచంల ఇంకోటి లేదు. మొత్తం చేత్తోటి చేసింది. బాడీ ఒకటే టేకు చెక్క." ధర 32,000.

ఆ రాత్రి రూములో మస్తు వాదన అయింది. మాలో కామర్స్ చదివేటోడు ఒక మంచి మాట అన్నడు. "ఇంకోటి లేదు అంటే అది మంచిది అని కాదు, దాని గురించి చెప్పడానికి ఇంకొకడు లేడు అని." ఆలోచిస్తే నిజమే. కంపెనీ గిటారు అయితే వేలమంది కొని ఉంటరు, దాని మంచి చెడు వాళ్ళు చెప్తరు. రేపు అమ్ముకోవాలన్నా పేరు చూసి కొనేటోళ్ళు ఉంటరు. ఒక్కటే ఉన్న వస్తువుకు సాక్షి ఉండడు. అది మంచిదో కాదో మనమే తేల్చుకోవాలె.

కానీ ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మన ఊళ్ళల్లో వాద్యాలన్నీ ఇట్లనే కదా! ఏ డోల్ మీద కంపెనీ పేరు ఉంది? ఏ కిక్రికి బిల్లు ఉంది? ఒక కిక్రి లెక్క ఇంకో కిక్రి ఉండదు. చేసేటాయన చెయ్యి, దొరికిన చెక్క, కప్పిన తోలు, ఇవి ఎట్లుంటే అట్ల పలుకుతది. "కస్టమ్ మేడ్" అని పట్నంలో పెద్ద మాటగా చెప్పేది మన దగ్గర మామూలు సంగతి. మరి మన పెద్దోళ్ళు పేరు లేని వాద్యం మంచి చెడు ఎట్ల చూస్తరు? వాళ్ళకు తెలిసిన పద్ధతి ఏదో ఉండాలె కదా.

అదృష్టం కొద్దీ ఆ వారంలోనే మాలో ఒకరి కాక కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ వచ్చిండు. కాక కిక్రి వాయిస్తడు, సొంతంగా చేస్తడు కూడా. తెలియని తమ్ముళ్ళ కోసం చెప్తున్నం, కిక్రి అంటే ప్రధాన్‌లు గోండు కథలు పాడేటప్పుడు కమానుతో వాయించే మూడు తీగల వాద్యం. ఆ తీగలు గుర్రం వెంట్రుకలతో ఉంటయి. ఆపరేషన్ అయినంక మళ్ళా చూపించుకునేదాకా కాక మా రూములోనే ఉన్నడు. "నేనూ వస్త పాండ్రి" అన్నడు. వరుసగా మూడు రోజులు దుకాణానికి పోయినం. మూడు రోజులు ఎందుకంటే, చెక్క వాన పడ్డ రోజు ఒక తీరు, ఎండ కొట్టిన రోజు ఒక తీరు ఉంటది. ఒక్క రోజులో చూసి కొంటే ఆ ఒక్క రోజు గిటారునే చూసినట్టు.

ఇప్పుడు మేము ఏమేం చూసినమో వరుసగా రాస్తున్నం.

మొదటిది, మెడ. గిటారుకు మెడ వంకర పోతే ఎంత మంచి చెక్క ఉన్నా దండుగే. బాణం వంకర చూసినట్టు, గిటారును కింది దిక్కు నుంచి పట్టుకుని మెడ అంచు మీదుగా ఒక కన్నుతో చూడాలె. కాకకు ఒక కన్నుకు ఎట్లాగూ పట్టీ ఉంది, ఇంకో కన్నుతో చూసి "మెలి లేదు" అన్నడు. మెడ పూర్తిగా నిటారుగా ఉండొద్దు, తీగలు ఊగడానికి వీలుగా చాలా కొంచెం లోపలికి వంగి ఉండాలె. అది చూసుడు సులువు. ఒక తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ఒకేసారి నొక్కిపట్టి, నడుమ ఏడు ఎనిమిది మెట్ల దగ్గర తీగ కింద సందు చూడాలె. విజిటింగ్ కార్డు మందం కన్నా ఎక్కువ సందు ఉండొద్దు, అసలు లేకుండా కూడా ఉండొద్దు. ఇది సరిగ్గానే ఉంది. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటది, వంపు ఎక్కువ తక్కువ అయితే దాన్ని తిప్పి సరిచేస్తరు. అది తిరుగుతున్నదా లేదా అని కూడా దుకాణాయనతో తిప్పించి చూసినం.

రెండోది, మెట్లు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలను ఇంగ్లీషులో ఫ్రెట్లు అంటరు. మన తెలుగులో మెట్లు అనే మాట ఎప్పటినుంచో ఉంది. 2022లో పద్మశ్రీ వచ్చిన కిన్నెర మొగులయ్య గారి వాద్యాన్ని పన్నెండు మెట్ల కిన్నెర అంటరు కదా, అదే మెట్టు. మా గిటారుకు 22 మెట్లు, 6 తీగలు. అంటే 132 చోట్ల నొక్కి చూడాలె. నోట్‌బుక్‌లో గీతలు గీసి 132 గడులు చేసినం. ఒకడు నొక్కి మీటుడు, ఒకడు రాసుడు. శుభ్రంగా పలికితే టిక్కు, జరజర అంటే ఇంటూ. గంటన్నర పట్టింది. దుకాణాయన మొదట నవ్విండు, తర్వాత ఆయనే కుర్చీ ఏసిండు.

129 టిక్కులు, 3 ఇంటూలు వచ్చినయి. మూడు ఇంటూలూ 13వ మెట్టు దగ్గరనే. అక్కడ నొక్కితే తీగ పక్కనున్న 14వ మెట్టుకు తగులుతున్నది, అంటే 14వ మెట్టు ఎత్తుగా ఉంది. దాన్ని ఖాయం చేసుకోవడానికి మా స్కాలర్‌షిప్ అకౌంట్ ఏటీఎం కార్డు వాడినం. కార్డు అంచును వరుసగా మూడు మెట్ల మీద నిలబెడితే ఊగొద్దు. 14వ మెట్టు మీద తరాజు లెక్క ఊగింది.

మూడోది, కొలత. తీగ ఎక్కడ మొదలైతదో అక్కడి నుంచి 12వ మెట్టు దాకా ఎంత ఉంటదో, 12వ మెట్టు నుంచి కింది బ్రిడ్జి దాకా సుమారు అంతే ఉండాలె. ఎందుకంటే తీగను సగం చేస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతది. దారం పెట్టి కొలిస్తే పై సగం 324 మిల్లీమీటర్లు వచ్చింది. ఫెండర్ గిటార్లకు వాడే 25.5 అంగుళాల కొలత ఇదే. తర్వాత ఫోన్‌లో ట్యూనర్ పెట్టి, 12వ మెట్టు మీద తీగను ఊరికే తాకి పలికించిన స్వరం, నొక్కి పలికించిన స్వరం ఒక్కటేనా అని చూసినం. లావు తీగ ఒకటి నొక్కితే కొంచెం పైకి పోతున్నది. అది పెద్ద లోపం కాదు. బ్రిడ్జి మీద ఆ తీగ కూర్చునే ముక్కను స్క్రూతో కొంచెం వెనక్కి జరిపితే సరైంది. మెట్లే తప్పు జాగాలో కొట్టి ఉంటే మాత్రం ఏ స్క్రూ బాగు చెయ్యలేదు. అసొంటి గిటారు ఫ్రీగా ఇచ్చినా వద్దు.

నాలుగోది, చెక్క. ఇక్కడ కాక పని చేసిండు. గిటారును ఎగాదిగా చూసి "దీనికి కడుపేదిరా? ఎట్ల పలుకుతది?" అన్నడు. నిజమే, కిక్రికి తోలు కప్పిన బోలు ఉంటది, కిన్నెరకు సొరకాయ బుర్రలు ఉంటయి. దీనికి నిండు చెక్క. మేము చెప్పినం. తీగల కింద అయస్కాంతం ఉంటది, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టి ఉంటది, పైన ఉక్కు తీగ ఊగితే ఆ రాగి తీగలో కరెంటు పుడుతది, ఆ కరెంటును పెట్టె పెద్దగా చేసి వినిపిస్తది అని. 1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బేకర్ ఇట్ల పలికే గిటారు తెస్తే, దాని ఆకారం చూసి జనం "పెనం" అని పేరు పెట్టిండ్రు. కాక అంతా విని "అంటే గుర్రం వెంట్రుక కడితే ఇది మూగదే" అన్నడు. సరిగ్గా అంతే.

కానీ పెట్టెకు తగిలించకముందు కాక గిటారు కొమ్ముకు చెవి ఆనించి, మమ్మల్ని తీగ మీటమన్నడు. ఆరు తీగలూ ఒకటొకటి. స్వరం ఎంతసేపు నిలుస్తున్నది, ఏ తీగ అయినా తొందరగా చచ్చిపోతున్నదా అని విన్నడు. వెనుక మూత విప్పినప్పుడు కాక ఫోన్ లైటు ఏసి లోపల చూసిండు, ముక్కు పెట్టి వాసన చూసిండు. బయట పాలిష్ ఉంటది, దాని కింద ప్లైవుడ్ ఉన్నా తెల్వదు. లోపలి గుంటకు పాలిష్ ఉండదు, చెక్క అసలు రూపం అక్కడ కనిపిస్తది. టేకు అడవిలో పుట్టి పెరిగిన మనిషికి టేకు వాసన ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"సేట్, టేకే. కానీ ఒకటే చెక్క కాదు, రెండు చెక్కలు అతికించిండ్రు" అన్నడు. చెక్క గీతలు ఒక దిక్కు నుంచి వచ్చి నడిమిట్ల ఆగిపోయి, అక్కడి నుంచి వేరే దిక్కుకు పోతున్నయి. చూపిస్తే దుకాణాయన కూడా కాదనలేదు. "పాత ఇంటి దూలం కోసి చేసినం, అంత వెడల్పు దొరకలే" అన్నడు.

ఇక్కడ ఒక మాట. రెండు చెక్కలు అతికిస్తే గిటారు చెడ్డదేం కాదు. పెద్ద కంపెనీలు కూడా రెండు మూడు ముక్కలు అతికిస్తయి. పాత దూలం అంటే చెక్క బాగా ఎండి ఉంటది, అది ఇంకా మంచిది. ఇబ్బంది అతుకుతో కాదు, "ఒకటే చెక్క" అని చెప్పి దానికి ధర కట్టిన దానితో. మేము హాస్టల్ పిల్లలం, లోపల ఏం చూస్తరులే అనుకున్నరేమో.

పాత దూలం మాట రాగానే మాకు బ్రియాన్ మే గుర్తొచ్చిండు. ఇంగ్లండ్‌లో క్వీన్ అనే బ్యాండ్ గిటారిస్టు ఆయన. 1963లో మొదలుపెట్టి, స్కూల్ పిల్లగాడిగా ఉన్నప్పుడు, మంచి గిటారు కొనే పైసలు లేక వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లోనే సొంతంగా చేసుకున్నడు. మెడకు పాత పొయ్యిగూడు చెక్క, స్ప్రింగులు మోటార్ సైకిల్‌వి, ఒక కడ్డీ చివరకు వాళ్ళమ్మ అల్లిక సూది ముక్క, మెడ మీద గుర్తులకు ముత్యపు చిప్ప గుండీలు. దాని పేరు రెడ్ స్పెషల్. క్వీన్ పాటల్లో వినపడే గిటారు ఎక్కువగా అదే. ఇంకో సంగతి, ఆ మనిషి 2007లో ఖగోళ శాస్త్రంలో పీహెచ్‌డీ కూడా పూర్తి చేసిండు. చదువు, పాట రెండూ కుదరవు అని చెప్పే పెద్దలకు ఈ పేరు చెప్పండి.

ఐదోది, కరెంటు సంగతి. పెట్టెకు తగిలించి, నాబ్‌లు తిప్పుతుంటే బరబర సప్పుడు వస్తదా చూడాలె. తీగలు ముట్టుకోనప్పుడు కొంచెం గుయ్ మని, ముట్టుకుంటే తగ్గితే ఎర్త్ వైరు సరిగ్గా ఉన్నట్టు. లోపల టంకాలు మెరుస్తూ గట్టిగా ఉన్నయా చూడాలె. ఒక జాగ్రత్త అందరికీ చెప్తున్నం. హాస్టల్ సాకెట్‌లో దూరట్లేదని పెట్టె ప్లగ్గుకు ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడొద్దు. మీ చెయ్యి ఉక్కు తీగల మీద ఉంటది, ప్రాణం మీదికి వస్తది.

ఆరోది, నిలకడ. శృతి చేసి, తీగలను బాగా లాగి వాయించి, మళ్ళా చూడాలె. తెల్లారి వచ్చి మళ్ళా చూడాలె. రెండో రోజు వాన పడ్డది, మూడో రోజు ఎండ కొట్టింది. శృతి కొంచెమే జరిగింది. ఒక తీగ మాత్రం బిగిస్తుంటే పైన గాడిలో టిక్‌మని ఇరుక్కుంటున్నది. ఆ గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే జారింది. ఖర్చు సున్నా.

మూడో రోజు సాయంత్రం నోట్‌బుక్ ముందు పెట్టి ధర మాట్లాడినం. అరుచుడు లేదు, తిట్టుకునుడు లేదు. "అన్నా, మెడ మంచిగుంది, మెట్ల కొలత మంచిగుంది, చెక్క మంచిది. 14వ మెట్టు ఎత్తుంది, బాడీ ఒకటే చెక్క కాదు, పేరు లేదు కాబట్టి రేపు మేము అమ్మలేం." 24,000కు ఒప్పుకున్నడు. 14వ మెట్టు మా ముందరే రాకి సాపు చేసి ఇచ్చిండు. మళ్ళా నొక్కి చూసినం, 132 టిక్కులు. బిల్లు మీద "రెండు ముక్కల టేకు బాడీ, ఆరు నెలల దాకా ఏం చెడినా ఉచితంగా రిపేరు" అని రాయించుకున్నం. తలా 4,800 పడ్డది. మిగిలిన 1,600తో వైరు, పట్టీ, తీగల సెట్టు కొన్నం. పెట్టె మాత్రం ఇంకా లేదు, కాలేజీది అడిగి వాడుతున్నం.

ఒక సంగతి మాత్రం మనసులో ఉండిపోయింది. మెడ మీద వేళ్ళు ఆడే నల్లటి పలకను చూసి కాక "ఇది జిట్రేగి కదరా" అన్నడు. అవును, జిట్రేగే. ఇంగ్లీషులో ఇండియన్ రోజ్‌వుడ్ అంటరు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతరించిపోతున్నదని 1992లో దాని వ్యాపారం ఆపిండ్రు. అప్పటికే ప్రపంచ గిటార్లకు మన దేశపు జిట్రేగి పోతుండె. 2017లో ఈ జాతి చెట్లన్నింటి మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినయి, కంపెనీలు మొత్తుకుంటే 2019లో తయారైన వాద్యాలకు సడలింపు ఇచ్చిండ్రు. మన అడవిలో కూడా ఉండే చెట్టు అది. కాక ఒకటే అన్నడు. "కిక్రికి చిన్న కట్టె తెచ్చుకుంటే మనల్ని వంద అడుగుతరు. ఇంత దూరం వచ్చిన కట్టెను ఎవరూ ఏం అడగరు." దానికి మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే కింద రాయండి.

మోసపోయిండ్రు అన్న అన్నకు ఇదే జవాబు. అన్నా, పేరు చూసి కొనలేదు, పేరు లేదని వదల్లేదు. మమ్మల్ని కూడా చానామంది ముందుగాల పేరు చూస్తరు, ఏ ఊరు, ఏ హాస్టల్, ఏ కోటా అని. లోపల మూత విప్పి చూసేటోళ్ళు తక్కువ. మనం కూడా వస్తువులను అట్లనే చూస్తే ఎట్ల?

ఇక గిటారుకు మేము పెట్టుకున్న నియమాలు. ఇది ఐదుగురిది, ఒక్కడిది కాదు. పరీక్షల నెలలో సంచిలోనే ఉంటది. మన పిల్లలు ఎవరు నేర్చుకుంటామన్నా ఆదివారం మధ్యాహ్నం మా రూముకు రావచ్చు, అమ్మాయిల కోసం కాలేజీ హాల్లో కూర్చుందాం. ఎవరైనా వాద్యం కొనేటట్టుంటే చెప్పండి, మాలో ఇద్దరం వెంట వస్తం, ఏటీఎం కార్డు, దారం, నోట్‌బుక్ తెస్తం. 132 గడుల పేజీ ఫోటో కింద పెడుతున్నం, కాపీ చేసుకోండి.

చివరగా ఇంకొకటి. కాక ఊరికి పోయే ముందు రోజు రాత్రి మేము గిటారును కిక్రి శృతికి దించి, కాక పాడే ఒక కథకు కింద ఒకే స్వరం పట్టి వాయించినం. ఎట్లుందో మేము చెప్పుకునుడు బాగుండదు, మీరు విన్నప్పుడు మీరే చెప్పండి. ఆ రాత్రే అడిగినం, "కాకా, మాకొక కిక్రి చేసిస్తవా?" అని. "దండారి అయినంక చేస్త" అన్నడు. "ఎంత తీసుకుంటవ్?" అంటే నవ్విండు. ఇన్నేండ్లల్ల ఆయనను ఎవరూ ధర అడగలేదట, ఎప్పుడో ఇంత జొన్నలు, ఎప్పుడో ఒక ధోతి.

తెలియని మనిషి చేసిన గిటారుకు 24,000 లెక్కపెట్టి ఇచ్చినం. కాక చేసే కిక్రికి ఎంత ఇయ్యాలె? ఈసారి పత్తి సీజన్ పైసలు దానికే పక్కన పెడుతున్నం. మీ ఊళ్ళల్లో కిక్రి, డోల్, పెప్రె చేసేటోళ్ళు ఎవరెవరు ఉన్నరో, వాళ్ళకు ఏం ముడుతున్నదో కింద రాయండి. ఒక లెక్క తయారు చేద్దాం.

జై సేవ.